పాతిక ఆటలకే తీర్పు రాసేయాలా?

ప్రశ్న: నేను అభిమానించే ఎన్‌బీఏ (అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్) జట్టు మొన్నటి డ్రాఫ్ట్‌లో, అంటే జట్లు వంతులవారీగా కొత్త కుర్రాళ్లని ఎంచుకునే చోట, మొదటి అయిదు పిక్‌లలో ఒకదానితో 19 ఏళ్ల పాయింట్ గార్డ్‌ని (బంతి పట్టుకుని ఆట నడిపేవాడు) తెచ్చుకుంది. కాలేజీలో ఒక్క సీజనే ఆడిన కుర్రాడు. ఇప్పటికి 25 ఆటలయ్యాయి. ఆటకి 23 నిమిషాలు, 9 పాయింట్లు, 3 టర్నోవర్లు (బంతి అవతలి జట్టుకి పోగొట్టుకోవడం). షూటింగ్ 37 శాతం. త్రీలు (దూరపు గీత వెనకనుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) 60 వేస్తే 17 పడ్డాయి. పోయిన వారం రెండు ఆటల్లో నాలుగో క్వార్టర్ అంతా బెంచ్ మీదే కూర్చున్నాడు. స్నేహితులు అప్పుడే ‘బస్ట్’ (దండగ ఎంపిక) అని ముద్ర వేసేశారు. నేను వెనకేసుకొస్తూనే ఉన్నాను కానీ, అతని చేతికి బంతి రాగానే నాకే గుండె జారిపోతోంది. ఇంకా ఎన్నాళ్లు ఓపిక పట్టాలి? ఓపిక ఎక్కడ ఆగి మొండితనం ఎక్కడ మొదలవుతుంది?
— ఒక అభిమాని

సమాధానం: ముందు ఆ త్రీల లెక్క తేల్చుకుందాం. మీ స్నేహితులు ఎక్కువగా ఊపుతున్నది దాన్నే అయివుంటుంది. 60కి 17 అంటే 28 శాతం. వినడానికి ఘోరంగానే ఉంది. ఇప్పుడు ఇతను నిజానికి 35 శాతం షూటరే అనుకోండి. అంటే లీగ్‌లో మామూలు స్థాయి. అలాంటివాడికి 60లో 21 పడాలి. తేడా నాలుగు షాట్లు. రిమ్ (బుట్ట అంచు) మీద రెండు చుట్లు తిరిగి బయటికి దొర్లిపోయిన నాలుగు బంతుల కోసం మీరింత కొట్టుకుంటున్నారు. 35 శాతం షూటర్ చేతిలో ఏ లోపమూ లేకుండానే, ఒట్టి అదృష్టం బాగోక, 60 షాట్లలో 17 గానీ అంతకంటే తక్కువ గానీ వేసే అవకాశం దాదాపు ఆరింట ఒకటి ఉంటుంది. పాచిక వేస్తే ఒకటి పడ్డంత మామూలు సంగతి. 100 షాట్లయ్యాక కూడా అలాంటివాడి అంకె 25 నుంచి 45 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. కాబట్టి ఈ సీజన్ ముగిసేదాకా త్రీల శాతాన్ని చూసి సంబరపడకండి, ఏడవకండి.

తర్వాత గొప్ప షూటర్‌గా పేరు తెచ్చుకున్న డర్క్ నోవిట్‌స్కీ మొదటి సీజన్ 1998-99. లాకౌట్ (ఆటగాళ్లతో ఒప్పందం కుదరక యజమానులు లీగ్ ఆపేయడం) వల్ల 50 ఆటలకి కుదించిన సీజన్ అది. అందులో అతను 68 త్రీలు వేస్తే 14 పడ్డాయి. 21 శాతం కూడా లేదు. మీవాడికంటే అధ్వానం. మరుసటి ఏడాది 38 శాతానికి దగ్గరగా వేశాడు, ఆ తర్వాత కెరీర్ అంతా కలిపితే కూడా 38 దగ్గరే నిలిచింది. ఆ 68 షాట్లు చూసి ‘వీడికి షూటింగ్ రాదు’ అన్నవాళ్లు తర్వాత ఏ మొహం పెట్టుకున్నారో!

మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన అంకె లేదు: ఫ్రీ త్రోల (ఫౌల్ జరిగినప్పుడు ఇచ్చే అడ్డులేని షాట్లు) శాతం. ఎదుట ఎవరూ చెయ్యెత్తరు, దూరం మారదు, ఎప్పుడూ 15 అడుగులే. చేతి తీరు ఎలాంటిదో చెప్పే కొలత అది. 80 దాటి ఉంటే త్రీలు ఆలస్యంగానైనా వస్తాయని నమ్మొచ్చు. 70-80 మధ్య ఉంటే వేచి చూడొచ్చు. 65 దగ్గర ఉంటే మాత్రం చేతిని కొంత తిరగరాయాలి. ఆ పని వేసవిలో జరగాల్సిందే, సీజన్ మధ్యలో కుదరదు.

తప్పిన షాట్లు ఎటు తప్పుతున్నాయో కూడా చూడండి. ముందు అంచుకి తగిలి పొట్టిగా పడుతున్నవి కాళ్ల అలసట. కుడికో ఎడమకో పోతున్నవి చేతి లోపం, లేదా షాట్‌కి ముందు పాదాలు కుదురుకోకపోవడం. మొదటిది విశ్రాంతితో పోతుంది. రెండోదానికి నెలల పని ఉంది. 18 ఏళ్ల కోబీ బ్రయంట్ 1997 ప్లేఆఫ్స్‌లో యూటా మీద, నాలుగో క్వార్టర్ చివర ఒకటి, ఓవర్‌టైమ్‌లో మూడు, మొత్తం నాలుగు ఎయిర్‌బాల్స్ (రిమ్‌కి కూడా తగలని షాట్లు) వేశాడు. లేకర్స్ ఓడి ఇంటికెళ్లారు. ఆ సీజన్లో అతని సగటు 7.6 పాయింట్లు. హైస్కూల్ నుంచి నేరుగా వచ్చినవాడు ఏడు నెలల సీజన్ చివర్లో కాళ్లలో బలం లేక రిమ్ దాకా బంతి చేర్చలేకపోయాడు. తర్వాతి సీజన్లో ఆల్‌స్టార్ ఆటలో (లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ప్రత్యేక ఆట) స్టార్టర్‌గా దిగాడు.

ఇక అసలు కష్టం దగ్గరికి వద్దాం. కాలేజీ త్రీ లైన్ 22 అడుగుల 1.75 అంగుళాలు. ఎన్‌బీఏలో మూలల్లో తప్ప 23 అడుగుల 9 అంగుళాలు. 19 అంగుళాలు వెనక్కి జరిగాడు మీవాడు. షాట్ క్లాక్ (షాట్ వేయడానికి ఇచ్చే గడువు) అక్కడ 30 సెకన్లు, ఇక్కడ 24. సగం కోర్టు దాటడానికి అక్కడ 10 సెకన్లు, ఇక్కడ 8. ఆట అక్కడ 40 నిమిషాలు, ఇక్కడ 48. అన్నిటినీ మించి, కాలేజీలో ఏడాదికి 35 ఆటలు, చాలా వారాలు రెండే. ఇక్కడ 82. మధ్యలో రాత్రికి రాత్రే విమానమెక్కి మర్నాడు మరో ఊళ్లో ఆడేవి కొన్ని. కాలేజీ సీజన్ మొత్తం ఆడినన్ని ఆటలు జనవరి తొలి వారాలకే అయిపోతాయి. ‘రూకీ వాల్’ (తొలి ఏటి ఆటగాడికి, అంటే రూకీకి, అలసట గోడలా అడ్డుపడటం) అనేది అక్కడ తగులుతుంది. అంటే మీవాడికి గోడ ఇంకా రాలేదు. రాబోతోంది. జనవరిలో అంకెలు ఇంకా దిగితే బెంబేలెత్తిపోకండి, ఆ దిగుడు లెక్కలోదే.

పైకి కనబడని ఇంకో ఇబ్బంది ఉంది. సీజన్ నడుస్తుంటే ఎన్‌బీఏ జట్లు పూర్తిస్థాయి ప్రాక్టీస్ చేసేది చాలా తక్కువ. ఆటలూ ప్రయాణాలే సరిపోతాయి. పొద్దున తేలికపాటి షూట్‌అరౌండ్, ఓ అరగంట వీడియో, సాయంత్రం ఆట. కాలేజీలో తప్పు చేస్తే మూడు రోజులు అదే పని పదేపదే చేయించి దిద్దుతారు. ఇక్కడ మంగళవారం చేసిన తప్పుని వీడియోలో చూపించి, బుధవారం అదే తప్పు చేయించడానికి కాచుకున్న ఇంకో జట్టు ముందు నిలబెడతారు. తప్పుకీ దిద్దుబాటుకీ మధ్య కాలేజీలో వారం పడితే ఇక్కడ నెల పడుతుంది. అభిమానులు ‘నిన్ననే కదా ఇదే తప్పు చేశావు’ అని విసుక్కునేది సరిగ్గా ఇందుకే.

ఒక్క పొసెషన్‌ని (బంతి ఒక జట్టు చేతిలో ఉండే ఒక్క విడత) దగ్గరగా చూద్దాం. పాయింట్ గార్డ్ బతుకంతా పిక్ అండ్ రోల్‌లోనే (సహచరుడు అడ్డుగా నిలిచి, వెంటనే రిమ్ వైపు పరిగెత్తే ఎత్తుగడ) ఉంది కాబట్టి అదే తీసుకుందాం.

మీవాడు బంతితో పైన ఉన్నాడు. సెంటర్ (జట్టులో పొడుగాటి ఆటగాడు) వచ్చి స్క్రీన్ పెట్టాడు, అంటే మీవాడిని కాస్తున్నవాడి దారికి అడ్డంగా నిలబడ్డాడు. మీవాడు దాన్ని రాసుకుంటూ దాటాడు, అతన్ని కాస్తున్నవాడు స్క్రీన్‌లో ఇరుక్కుని ఓ అడుగు వెనకబడ్డాడు. ఎదుట అవతలి పొడుగాటి మనిషి ముందుకి రాకుండా, ఫ్రీ త్రో గీతకి కాస్త కింద, చేతులు చాచి వెనక్కి జరుగుతున్నాడు. దీన్ని డ్రాప్ అంటారు. మన సెంటర్ రిమ్ వైపు రోల్ అవుతున్నాడు. ఈ క్షణంలో దారులు నాలుగు: ఆగి మిడ్‌రేంజ్ షాట్, రిమ్ దాకా దూసుకెళ్లడం, రోల్ అవుతున్న సెంటర్‌కి పాస్, అవతలి మూల నిలబడ్డ షూటర్‌కి పాస్. వీటిలో ఏది సరైనదో చెప్పేవాడు ఎదుట ఉన్న పొడుగాటివాడు కాదు. అవతలి మూలని కాస్తున్న డిఫెండర్. వాడిని లో మ్యాన్ అంటారు. వాడు రోలర్‌ని అడ్డుకోడానికి లోపలికి అడుగేస్తే మూల ఖాళీ. వేయకపోతే రోలర్ ఖాళీ. ఈ ఖాళీ తెరుచుకుని ఉండేది సెకను కూడా కాదు.

కాలేజీలో ఏం జరిగేదంటే, మీవాడు స్క్రీన్ దాటాక తలెత్తి లో మ్యాన్‌ని చూసి, ఆలోచించి, పాస్ ఇచ్చేవాడు. అక్కడ సరిపోయేది, ఎందుకంటే అక్కడి లో మ్యాన్ ఆరున్నర అడుగుల మామూలు కుర్రాడు. ఇక్కడ వాడు దాదాపు అంతే ఎత్తు ఉన్నా చేతులు ఏడడుగులు చాస్తాడు, పైగా ఇదే పాస్‌ని ఆరేళ్లుగా దొంగిలిస్తున్నవాడు. లోపలికి అడుగేసినట్టు భుజం కదిపి, మీవాడు మూలకి పాస్ వదలగానే వెనక్కి దూకి అందుకుంటాడు. టీవీలో మనకి కనిపించేది ‘నేరుగా అవతలివాడి చేతికిచ్చిన పాస్’. అసలు జరిగింది అరసెకను ఆలస్యం, దానికితోడు ఓ పాత కాపు వేసిన ఎర.

రూకీ గార్డ్‌లు ఈ అరసెకనుని రెండు రకాలుగా పోగొట్టుకుంటారు. ఒకటి, చూస్తూ చూస్తూ డ్రిబుల్ ఆపేసి రెండు చేతుల్తో బంతి పట్టుకుంటారు. ఇక నాలుగు దారుల్లో రెండు అప్పటికప్పుడే మూసుకుపోయాయి. రెండు, ఏదీ చూడకుండా గుడ్డిగా రిమ్ మీదికి దూసుకెళ్తారు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడని ఊరికే అనలేదు. కాలేజీలో తనని ఎవరూ ఆపలేకపోయిన వేగంతోనే ప్రతిసారీ వెళ్తాడు, బ్లాక్ చేయించుకుంటాడు. షూటింగ్ 37 శాతానికి పడిపోవడానికి పెద్ద కారణం త్రీలు కాకపోవచ్చు, రిమ్ దగ్గర పోతున్న ఈ షాట్లే కావచ్చు. షాట్ చార్ట్ (ఎక్కడినుంచి ఎన్ని వేశాడో చూపే పటం) తీసి చూడండి. రిమ్ దగ్గర సగం కూడా పడకపోతే జబ్బు అక్కడుందన్నమాట.

బాగుపడుతున్నాడని ఎలా తెలుస్తుంది? అతని తల చూడండి. స్క్రీన్ దాటాక కాకుండా స్క్రీన్ రాకముందే అవతలి మూలవైపు ఓ చూపు వేస్తున్నాడా? దాటాక వేగం తగ్గించి, వెనకబడ్డ డిఫెండర్‌ని వీపు మీదే మోస్తూ, ఎదుటివాడిని రెండు మూడు డ్రిబుల్స్ ఊరిస్తున్నాడా? ఈ రెండూ వచ్చాయంటే పాస్ దారి తప్పినా, షాట్ పడకపోయినా, పని జరుగుతున్నట్టే. మొదట కళ్లు మారతాయి, తర్వాత కాళ్ల వేగం, బాక్స్ స్కోర్‌లో అంకెలు అన్నిటికంటే చివర. ఆ చివరిదానికోసమే ఎదురుచూస్తూ కూర్చుంటే ఓపిక చాలదు.

టర్నోవర్లన్నీ ఒక్కటి కావు. ఆటకి 3 అన్నారు, సరే. కానీ గీత తొక్కి బయటికి పోయినది, అఫెన్సివ్ ఫౌల్, ట్రావెలింగ్: వీటి తర్వాత ఆట ఆగుతుంది, మన జట్టు వెనక్కెళ్లి కుదురుకుంటుంది. మధ్యలో దొంగిలించిన పాస్, డ్రిబుల్ చేస్తుండగా లాక్కున్న బంతి: వీటి తర్వాత అవతలివాళ్లు ఖాళీ రిమ్ మీదికి పరిగెడతారు. అసలు నష్టం ఈ రెండో రకంలో ఉంది. మూడు టర్నోవర్లలో రెండో రకం రెండు నుంచి ఒకటికి తగ్గితే మొత్తం మూడే ఉన్నా అది మెరుగుదలే. సాహసం చేసి పోగొట్టుకున్నవాటిని తప్పు పట్టకండి. అసలు సాహసమే మానేసి బంతిని పక్కవాడికిచ్చి మూలకి వెళ్లి నిలబడే రూకీని చూస్తే మాత్రం నిజంగా దిగులుపడాలి. వాడి టర్నోవర్లు తగ్గుతాయి, వాడు కూడా తగ్గిపోతాడు.

నాలుగో క్వార్టర్ బెంచ్ సంగతి. ఇది శిక్ష అని మీరు అనుకుంటున్నట్టుంది. చాలాసార్లు కాదు. షూటింగ్ సరిగా లేనివాడిని కోచ్ దాచగలడు, మూలలో నిలబెట్టొచ్చు. డిఫెన్స్ రానివాడిని చివరి అయిదు నిమిషాల్లో ఎక్కడా దాచలేడు. అవతలి జట్టు వాడెవడిని కాస్తున్నాడో చూసి, ఆ మనిషినే స్క్రీన్ పెట్టడానికి పిలిచి, స్విచ్ చేయించి (కాసేవాళ్లు మనుషుల్ని మార్చుకునేలా చేసి), తమ బెస్ట్ స్కోరర్‌ని వాడి మీదికి తోలుతుంది. అదీ ఒకసారితో వదలరు, వరసగా అయిదారు పొసెషన్లు. 19 ఏళ్ల గార్డ్ డిఫెన్స్‌లో చేసే తప్పులు దాదాపు ఎప్పుడూ ఇవే: స్క్రీన్ వచ్చేదాకా దాన్ని గమనించకుండా దానికే గుద్దుకుని చచ్చిపోవడం, చేతులతో బంతి మీదికి ఎగబడి ఫౌల్ ఇవ్వడం, మూలలో షూటర్ మీదికి పరుగు తీసి ఆగలేక పక్కనుంచి దాటించుకోవడం, తన మనిషికి బంతి దూరంగా ఉన్నప్పుడు బంతినే చూస్తూ నిలబడిపోవడం. చివరిదే అన్నిటికంటే ఆలస్యంగా పోతుంది.

కోచ్‌ని మాత్రం ఇంకో విషయంలో గమనించండి. వరసగా అయిదు ఆటల్లో మీవాడు ఎప్పుడు లోపలికి వెళ్తున్నాడో, ఎప్పుడు బయటికి వస్తున్నాడో రాసుకోండి. మొదటి క్వార్టర్‌లో చివరి ఆరు నిమిషాలు, రెండులో మొదటి నాలుగు, ఇలా రోజూ దాదాపు ఒకేలా ఉంటే, జట్టు అతనికి తప్పులు చేసే చోటు కేటాయించినట్టే. ఏ తప్పు చేసినా అర నిమిషంలో సబ్‌స్టిట్యూట్ లేచి నిలబడుతుంటే, అది అతని జబ్బు కాదు, జట్టు జబ్బు. నాటిన మొక్కని రోజూ పీకి వేరు పట్టిందా అని చూసే రకం. అలాంటిచోట ఆటగాడు తప్పు చేయకుండా ఉండటానికి ఆడతాడు, బెంచ్ వైపు చూసుకుంటూ ఆడతాడు.

జీ లీగ్‌కి (ఎన్‌బీఏ కిందిస్థాయి లీగ్) పంపితే కూడా ఏడవకండి. బెంచ్ మీద 12 నిమిషాల ఆటగాడికి అక్కడ 35 నిమిషాలు, పైగా బంతి తన చేతిలో. 2024 డ్రాఫ్ట్‌లో మూడో పిక్ రీడ్ షెపర్డ్ కాలేజీలో త్రీలు 52 శాతం వేసినవాడు. హ్యూస్టన్‌లో మొదటి ఏడాది ఆటకి 13 నిమిషాలు కూడా దొరకలేదు, సగటు 4.4 పాయింట్లు. ఆ ఏడాది హ్యూస్టన్ 52 ఆటలు గెలిచిన జట్టు, నిమిషాలు ఎక్కడినుంచి తెస్తారు? కొన్ని ఆటలకి తమ జీ లీగ్ జట్టుకి పంపారు. రెండో ఏడు తలుపు తెరుచుకుంది. మీ జట్టు గెలిచే జట్టా ఓడే జట్టా అన్నదాన్ని బట్టి అతని నిమిషాల అర్థమే మారిపోతుంది, మీరు అది కూడా రాయలేదు.

పాత ఉదాహరణలు చెప్పమంటే కావలసినన్ని ఉన్నాయి. స్టీవ్ నాష్ మొదటి ఏడు 3.3 పాయింట్లు. తర్వాత రెండుసార్లు ఎంవీపీ (ఆ ఏటి మేటి ఆటగాడు). యానిస్ అంటెటోకౌంపో 2013-14లో 6.8. అతనూ రెండుసార్లు ఎంవీపీ. బ్రాండన్ ఇంగ్రమ్ 2016లో రెండో పిక్, మొదటి సీజన్ షూటింగ్ 40 శాతం, త్రీలు 29. రెండో సీజన్ 47, 39. కానీ ఈ చిట్టా పట్టుకుని స్నేహితుల మీదికి వెళ్లకండి. ఇది గెలిచినవాళ్ల చిట్టా. ఇలాగే మొదలెట్టి ఇలాగే ముగిసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తుండవు కాబట్టి చిట్టాలోకి రారు. 2013లో మొట్టమొదటి పిక్ ఆంథొనీ బెనెట్ తొలి సీజన్ 4.2 పాయింట్లు వేశాడు, మరుసటి వేసవికే క్లీవ్‌ల్యాండ్ అతన్ని మినిసోటాకి పంపేసింది, తర్వాత కూడా నిలదొక్కుకోలేదు. 2020లో ఏడో పిక్ కిలియన్ హేస్‌కి డెట్రాయిట్ నిమిషాలు ఇచ్చింది, మూడు సీజన్లు పోయినా షూటింగ్ 40 శాతం దాటలేదు, 2024 ఫిబ్రవరిలో వదిలేసింది. అది తొందరపాటు అని ఎవరూ అనలేరు.

తొందరపాటంటే ఇది: 1997లో బోస్టన్ మూడో పిక్‌తో చాన్సీ బిలప్స్‌ని తీసుకుని, 51 ఆటలు చూసి, రూకీ సీజన్ ముగియకుండానే టొరంటోకి ఇచ్చేసింది. అతను జట్ల వెంట తిరిగి తిరిగి 2002లో డెట్రాయిట్ చేరి, 2004లో చాంపియన్‌షిప్‌తో పాటు ఫైనల్స్ ఎంవీపీ కూడా గెలిచాడు. చేతులు కాలాక బోస్టన్‌కి పట్టుకోడానికి ఆకులు కూడా మిగల్లేదు.

దీనికి పూర్తిగా తిరగేసిన కథ కూడా ఒకటి వినండి, ఎందుకంటే మంచి అంకెలు కూడా అబద్ధమాడతాయి. మైకేల్ కార్టర్-విలియమ్స్ 2013 అక్టోబర్‌లో తన తొలి ఆటలోనే మయామీ మీద 22 పాయింట్లు, 12 అసిస్ట్‌లు, 9 స్టీల్స్ చేశాడు. ఆ ఏటి రూకీ ఆఫ్ ద ఇయర్. సగటు 16.7. కానీ ఓడిపోయే జట్టులో బంతంతా అతని చేతిలోనే, షూటింగ్ 40 శాతం దగ్గర. షాట్ మెరుగుపడలేదు. రెండో సీజన్ సగంలోనే ఫిలడెల్ఫియా అతన్ని మిల్వాకీకి ఇచ్చేసింది. మీవాడు ఆటకి 17 వేస్తుంటే మీరు నాకు ఈ ఉత్తరమే రాసేవారు కాదు, అయినా అప్పుడు కూడా అడగాల్సిన ప్రశ్నలు ఇవే.

ఎన్నాళ్లు అని అడిగారు. జట్టుకి తేదీలున్నాయి, మీరూ అవే పెట్టుకోండి. మొదటి రౌండ్ పిక్‌కి తొలి రెండేళ్లు కాంట్రాక్ట్ ఖాయం. మూడో ఏడాది, నాలుగో ఏడాది జట్టు ఇష్టం. మూడో ఏడాదికి ఉంచుకుంటామో లేదో రెండో సీజన్ మొదలవుతుండగా, అక్టోబర్ 31 లోపే చెప్పేయాలి. నాలుగో ఏడాది సంగతి ఆ మరుసటి అక్టోబర్ 31. మూడో సీజన్ ముగిశాక పొడిగింపు బేరాలు. టాప్ అయిదు పిక్‌ని మొదటి గడువులో వదులుకోవడం చాలా అరుదు, కాబట్టి వచ్చే అక్టోబర్ గురించి భయపడక్కర్లేదు. నా లెక్కలో మీ గడువులు ఇవి: ఆల్‌స్టార్ సెలవుల దాకా తీర్పు వద్దు. అక్కడినుంచి ఏప్రిల్ దాకా దిశ చూడండి. జూలైలో సమ్మర్ లీగ్ ఆడితే అక్కడ అతను అందరికంటే ఓ మెట్టు పైన కనిపించాలి. రూకీలూ జీ లీగ్ వాళ్లూ ఉండే చోట కూడా రెండో ఏటివాడు తడబడితే అది చెడ్డ సంకేతం. తర్వాత రెండో సీజన్లో మొదటి 30 ఆటలు. అసలు పరీక్ష అక్కడే, ఎందుకంటే మొదటి వేసవి పని బయటపడేది అప్పుడే. రెండో సీజన్ ముగిసినా రిమ్ దగ్గర ముగింపు, ఫ్రీ త్రో, స్క్రీన్ దాటేటప్పటి చూపు, ఈ మూడిట్లో ఏదీ కదలకపోతే అప్పుడు మీరు పట్టుకుని వేలాడుతున్నది మొండితనమే.

ఈ గడువులు 19-20 ఏళ్లవాడికి. నాలుగేళ్లు కాలేజీలో ఆడి 22-23 ఏళ్లకి వచ్చిన రూకీకి ఇంత సమయం ఇవ్వక్కర్లేదు. వాడి శరీరం, ఆట రెండూ చాలావరకు తయారై వచ్చాయి. వాడికి ఒక్క సీజన్ చాలు.

గడువుతో పనిలేకుండా వెంటనే ఓపిక వదులుకోవాల్సిన సంగతి ఒకే ఒక్కటుంది. బంతి పోగొట్టుకున్నాక వెనక్కి పరిగెడుతున్నాడా, లేక రిఫరీ వైపు చేతులు చాస్తూ నడుస్తున్నాడా? నైపుణ్యం లేకపోవడం వేరు, ఇది వేరు. మొదటి రెండు నెలల్లో ఎక్కువసార్లు నడిచినవాడు తర్వాత పరిగెత్తడం నేర్చుకోవడం తక్కువ.

స్నేహితులతో ఎంతైనా వాదించుకోండి. అతని సోషల్ మీడియా ఖాతా కింద మాత్రం ఏమీ రాయకండి, మెచ్చుకుంటూ కూడా. ఆట ముగిసిన గంటలో అక్కడ పడే బూతులు చదివే అలవాటు మాన్పించడం కూడా ఇప్పుడు జట్ల పనుల్లో ఒకటైపోయింది.

ఇక మీకో పని. 26వ ఆట నుంచి 35వ ఆట దాకా ఓ నోట్‌బుక్ పెట్టుకోండి. అతను కోర్టులో ఉన్నప్పుడు బంతిని వదిలేసి అతన్నే చూడండి. ప్రతి ఆటకీ అయిదు గళ్లు చాలు: రిమ్ దగ్గర ఎన్ని వేశాడు, ఎన్ని పడ్డాయి, టర్నోవర్లలో ఆట ఆగినవి ఎన్ని, లాక్కున్నవి ఎన్ని, స్క్రీన్ రాకముందే మూలవైపు చూసినవి ఎన్ని, ఫౌల్స్‌లో చెయ్యి చాచినందువల్ల వచ్చినవి ఎన్ని, వెనక్కి పరిగెత్తాడా నడిచాడా. పాయింట్ల గడి పెట్టకండి, పెడితే కళ్లు దానిమీదికే పోతాయి. మొదటి అయిదు ఆటల మొత్తం ఒక వరస, తర్వాతి అయిదు ఒక వరస. మొదటి ఆటకి చూపుల గడిలో సున్నా పడినా కంగారుపడకండి, పడే అవకాశమే ఎక్కువ. పది ఆటలూ అయ్యాక ఆ పేజీ, దానితోపాటు ఫ్రీ త్రో శాతం, కోచ్ ఎప్పుడెప్పుడు దింపాడో ఆ నిమిషాలు కలిపి పంపండి. అప్పుడు మీవాడి గురించి మాట్లాడదాం.